ఈ నడుములు ఎవరికీ పట్టవా?

"అందరికీ ఉండేదే." ఈ మాట విని విని నా చెవులు మండుతున్నాయి. హైదరాబాద్ నాచారంలో, మల్లాపూర్‌లో, చిల్కానగర్‌లో, ఉప్పల్‌లో ఏ గడపలో నడుము నొప్పి అన్నా ఇదే జవాబు. భార్య అంటే భర్త ఇదే అంటాడు. కూలి అంటే మేస్త్రీ ఇదే అంటాడు. పిల్లవాడు అంటే బడిలో టీచరూ ఇదే అంటుంది. చివరికి నొప్పి పడుతున్న మనిషి కూడా తనకు తాను ఇదే చెప్పుకుని, ఒక బిళ్ల మింగి పనికి బయల్దేరుతుంది. కాలనీలో పదిమందికి జ్వరం వస్తే బల్దియా వాళ్లు దోమల మందు కొట్టడానికి బండేసుకుని వస్తారు. ఇంటికొకరు నడుము పట్టుకుని లేస్తుంటే, మెడ తిప్పలేక తిరుగుతుంటే, ఇటువైపు కన్నెత్తి చూసే నాథుడు లేడు. అందరికీ ఉంది కాబట్టే ఎవరికీ పట్టదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనుషుల్ని పనికీ నడకకూ దూరం చేసే కారణాల్లో మొదటిది ఇదే. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. ఇంత పెద్ద బాధను "తియ్యి, ఏం గాదు" అని ఒక్క మాటతో కొట్టిపారేసే ధైర్యం మనకు ఎక్కణ్ణించి వచ్చింది?

నడుము ఒక్కరోజులో పాడవదు. అదే దానికి శాపమైంది. చెయ్యి విరిగితే పట్టీ కడతారు, నలుగురు వచ్చి చూసిపోతారు. వెన్నుకు ఆ భాగ్యం లేదు. పొద్దున వంగిన వంపు, మధ్యాహ్నం ఎత్తిన బిందె, సాయంత్రం బండి మీద దాటిన గుంత, రాత్రి ఫోను మీదికి వాల్చిన మెడ, వీటిలో ఏదీ ఆ పూట నొప్పి పెట్టదు. ఏళ్లు గడిచాక ఒక తెల్లవారుజామున మంచం మీంచి లేవబోతే లేవరాదు. అప్పుడు ఏ వంపును నిలదీయాలి? ఏ గుంతను నిలదీయాలి? ఇన్నేళ్లూ ఆ నడుము వంగుతుంటే పక్కనే నిలబడి చూసినవాళ్లందరూ చేతులు దులిపేసుకుంటారు.

మా అపార్ట్‌మెంట్‌కు పొద్దున్నే ఒకామె పనికి వస్తుంది. ఐదిళ్లు చేస్తుంది. ఊడవాలి, తుడవాలి, గిన్నెలు తోమాలి. ఊడ్చే చీపురు మూరెడు ఉంటుంది. తుడిచే గుడ్డకు కర్ర ఉండదు. అంటే ఐదిళ్ల నేలనూ ఆమె నడుము దగ్గర రెండుగా మడిచిన ఒంటితో, వెనక్కి వెనక్కి జరుగుతూ తుడవాలి. లేచి నీళ్ల బకెట్టు పక్క గదిలోకి మార్చాలి, మళ్లీ వంగాలి. "నడుము గుంజుతాంది అమ్మా. కర్ర మాపు తెచ్చిస్తే నిలవడి తుడుస్త" అని ఒక ఇంట్లో అడిగింది. "కర్రతో తుడిస్తే మూలలు శుభ్రం కావు, చేత్తో తుడిస్తేనే మురికి పోతుంది" అన్నారు. ఆ మాపు ఉప్పల్ దుకాణాల్లో మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. ఆ ఇంట్లో ఆదివారం తెప్పించుకునే బిర్యానీ అంతకంటే ఎక్కువవుతుంది. ఒక మనిషి వెన్నుకంటే ఒక గది మూల ముఖ్యమైపోయింది! ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే పని పోతుందని ఆమెకు తెలుసు.

పనిమనిషి సంగతి సరే, ఆ ఇంటి ఇల్లాలి సంగతి మాత్రం ఎవరు చూశారు? వంటగట్టు ఎత్తు బిల్డరు నిర్ణయిస్తాడు. దాని ముందు నిలబడేది ఐదడుగుల మనిషా, ఐదున్నర అడుగుల మనిషా అని ఎవరూ అడగరు. గట్టు పొట్టిదైతే ఆమె జీవితమంతా మెడ వంచి కూర తరగాలి. ఎత్తైనదైతే భుజాలు పైకెత్తి కలపాలి. పాత బస్తీల్లో, అద్దె గదుల్లో ఉన్నవాళ్లకు దీని పైన నీళ్ల బాధ ఒకటి. నల్లా రోజూ రాదు. వచ్చిన ఆ గంటలో డ్రమ్ములూ బిందెలూ నిండాలి. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోల నీళ్లు, పైన బిందె బరువు. సంపులోంచి వంగి తోడి, చంకన పెట్టుకుని, ఒక పక్కకు ఒరిగిన ఒంటితో రెండో అంతస్తుకు మెట్లెక్కాలి. ఇంట్లో ఎదిగిన కొడుకులు ఉంటారు, మంచం మీద ఫోను చూస్తూ ఉంటారు. "ఇంటిపనే ఆడవాళ్లకు మంచి వ్యాయామం" అని ఇంకా అనేవాళ్లున్నారు. ఒకే కండరాన్ని, ఒకే కీలును, ఒకే వైపుకు, విశ్రాంతి లేకుండా ఏళ్ల తరబడి వంచడం వ్యాయామం కాదు. అది అరగదీయడం.

వెన్ను లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ నిర్లక్ష్యం ఎంత క్రూరమో అర్థమవుతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు లోపలికి పెద్దయ్యాక రక్తనాళాలు వెళ్లవు. పక్కనున్న ఎముకలోంచి ఊరి వచ్చేదే దానికి తిండి. మనిషి కదిలినప్పుడు ఒత్తిడి పడుతూ, వదులుతూ ఉంటే అది స్పాంజిలాగా పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. గంటల తరబడి కదలకుండా కూర్చోబెట్టినా, నిలబెట్టినా, వంచి ఉంచినా దాని మీద బరువు అలాగే ఉండిపోతుంది, కండరాలు బిగుసుకుపోతాయి. అందుకే "నిటారుగా కూర్చోండి" అని గోడకు ఒక బొమ్మ అంటించి పని అయిపోయిందనుకునే ఆఫీసుల మీద నాకు కోపం. నిటారుగానైనా సరే, నాలుగు గంటలు అలాగే ఉంటే ఒళ్లు పట్టేస్తుంది. నడుము అడిగేది కాస్త కదలిక, కాస్త మార్పు, కాస్త ఆసరా. నిలబడ్డవాడికి కూర్చునే అనుమతి, కూర్చున్నవాడికి లేచే అనుమతి, వంగినవాడికి నిటారుగా నిలబడే అనుమతి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఆ అనుమతి ఇవ్వడానికి మాత్రం ఎవరికీ మనసు రావడం లేదు.

నాచారం పారిశ్రామికవాడకు పొద్దున షిఫ్టు వేళ వచ్చి చూడండి. మల్లాపూర్ వైపు నుంచి, రామంతాపూర్ వైపు నుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకుని నడిచి వచ్చే ఆడవాళ్లను చూడండి. ప్యాకింగులో ఎనిమిది గంటలు నిలబడే పని చాలామందిది. "కూసుంటే పని సాగది అంటరు సారు" అని ఒకామె నాతో అంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఏం చెప్పిందో తెలుసా? నిలబడి పని చేయాల్సిన కార్మికులందరికీ, వీలు దొరికినప్పుడల్లా విశ్రాంతి తీసుకునేందుకు కూర్చునే ఏర్పాటు చేయాలని చెప్పింది. 34వ సెక్షన్ ఏం చెప్పింది? హాని కలిగించేంత బరువును ఎవరి చేతా ఎత్తించకూడదని, మోయించకూడదని చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే ఈ దేశం ఒక కార్మికురాలికి స్టూలు ఇస్తానని రాసిచ్చింది. ఇప్పటికీ ఆ స్టూలు ఆమె కాళ్ల దాకా రాకపోతే ఆ కాగితాన్ని ఏం చేసుకోవాలి? కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి, అందులోనూ ఈ మాట రాశారు. రాతకు కరువు లేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఎప్పుడైనా "ఇక్కడ స్టూళ్లు ఏవి?" అని అడిగాడా? అడిగి ఉంటే అవి ఈపాటికి ఉండేవి.

ఉప్పల్ రింగురోడ్డు చుట్టుపక్కల, హబ్సిగూడ రోడ్డు మీద బట్టల దుకాణాలు చూడండి. కొనేవాళ్లకు మెత్తటి కుర్చీలు, చల్లటి నీళ్లు. చీరలు విప్పి చూపించే అమ్మాయి మాత్రం పది గంటలు కాళ్ల మీదే ఉండాలి. కొనేవాళ్లు లేని మధ్యాహ్నం మూడింటప్పుడు కూడా కూర్చోకూడదు. కూర్చుంటే కెమెరాలో పడుతుంది. కేరళలో కోజికోడ్ మిఠాయి తెరువులో చీరల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ఇదే బాధ పడ్డారు. కూర్చునే హక్కు కోసం సంఘం పెట్టుకుని పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా చట్టం చేసింది. మనుషులు కూర్చోవడానికి కూడా పోరాడాల్సి రావడమే సిగ్గుచేటు. ఆ పోరాటం గెలిచిన ఊరు రైలెక్కితే చేరేంత దూరంలోనే ఉంటే, మన దుకాణాల్లో ఒక ప్లాస్టిక్ స్టూలు వేయడానికి ఇంకా చేతులు రాకపోవడం ఏమిటి?

సెలవు పెట్టి పడుకోవచ్చు కదా అంటారు. జీతంలోంచి 0.75 శాతం కార్మికుల బీమా ఈఎస్ఐకి కోస్తారు, యాజమాన్యం 3.25 శాతం కడుతుంది. జబ్బు చేస్తే జీతంలో డెబ్బై శాతం వస్తుంది, నిజమే. కానీ నిబంధన ప్రకారం మామూలుగా మొదటి రెండు రోజులకు ఆ డబ్బు రాదు. నడుము పట్టేసేది ఎక్కువసార్లు ఆ రెండు రోజులకే! కార్మికురాలు ఒక రోజు లేవలేదు, రెండో రోజు గోడ పట్టుకుని లేచింది, మూడో రోజు పనికి పోయింది. ఆ రెండు రోజుల కూలి ఆమె జేబులోంచే పోయింది. అందుకే రెండో రోజే, ఒక్కోసారి మొదటి రోజే, బెల్టు బిగించుకుని పోతుంది. ఆ వచ్చి నిలబడ్డ మనిషిని చూసి "చూశావా, బాగానే ఉంది" అంటారు.

ఇక రోడ్లు. వరంగల్ హైవే మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆరు కిలోమీటర్ల చిల్లర దూరం. స్తంభాలు లేచి, ఆగి, ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లన్నీ కింద బోడుప్పల్, పీర్జాదిగూడ వాళ్లు గుంతల్లోనే పొద్దునా సాయంత్రం బతికారు. వాన పడితే గుంత ఎక్కడుందో తెలియదు, తెలిసేది నడుముకే. షేర్ ఆటో డ్రైవరు తన సీటు మీద ఇద్దరిని ఎక్కించుకుని, సగం సీటు మీద పక్కకు మెలికపడి కూర్చుని, రోజంతా ఆ గుంతల్లో తిప్పుతాడు. ఆటో బాడుగ కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి, ఇద్దరిని ఎక్కించుకోకపోతే గిట్టదు. బండి అదురు వెన్నుకు చేటని కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. డ్రైవర్లు, యంత్రాలు నడిపేవాళ్లు రోజుకు ఎంత అదురుకు మించి లోను కాకూడదో యూరప్ దేశాలు 2002లోనే హద్దు రాసుకున్నాయి. మన షేర్ ఆటో అన్న నడుముకు ఏ హద్దూ లేదు.

గుంతలు చాలవని స్పీడ్ బ్రేకర్లు. మామూలు స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, పది సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా లేచి మెల్లగా దిగాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి కుదుపు లేకుండా దాటాలి. మా కాలనీల్లో ఉన్నవాటిని కొలవండి. రాత్రికి రాత్రి తారు కుప్ప పోసి, గట్టుకట్టి వదిలేసినవి. రంగు లేదు, బోర్డు లేదు. నిండు గర్భిణి స్కూటరు వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో పొట్ట, ఒక చేత్తో భర్త భుజం పట్టుకుని, ఆ గట్టు ఎక్కి దభాలున దిగుతుంటే చూసే నాకే వెన్నులోంచి సలుపు పాకుతుంది. ఆ గట్టు పోసినవాళ్లకు, పోయించిన నాయకుడికి, బిల్లు పాస్ చేసిన ఇంజనీరుకు తల్లి లేదా? చెల్లెలు లేదా?

కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ల సంగతి కొంత మేలు, వాళ్లకు కనీసం కుర్చీ ఉంది. అయినా వాళ్లకూ చెప్తున్నాను. ఉప్పల్‌లో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా మెట్రోలో తల ఎత్తేవాళ్లు కనిపించరు. తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. మెడను అరవై డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం ఇరవై ఏడు కిలోలవుతుందని 2014లో ఒక వెన్ను సర్జన్ నమూనా కట్టి లెక్క తేల్చారు. ఆఫీసులో మళ్లీ ల్యాప్‌టాప్ మీదికి అదే వంపు. అరగంటకోసారి లేవండి అని చెప్పే అదే కంపెనీ, లేచి తిరిగే నిమిషాలను లెక్కగట్టి టీమ్ లీడర్ చేత అడిగిస్తుంది. కాల్ సెంటర్లో తల్లికి ఫోను చేయడానికి లేచినా లెక్కే, నడుము విరుచుకోవడానికి లేచినా లెక్కే.

నొప్పి వచ్చాక జరిగేది ఇంకో ఘోరం. మెడికల్ షాపు ముందు నిలబడి "నడుం నొప్పికి ఏదన్న ఇయ్యన్నా" అంటే రెండు బిళ్లలు కాగితంలో చుట్టి ఇస్తారు. చీటీ అడగరు. డైక్లోఫినాక్‌లాంటి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుళ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆ మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఎవరూ చెప్పరు. డబ్బున్నవాళ్లది ఇంకో దారి, మొదటి రోజే ఎంఆర్ఐ. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి ముప్పై మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందని పరిశోధనలు చెప్తున్నాయి. అది చెప్పకుండా కాగితం చేతికిస్తే ఆ కుర్రాడు "నా డిస్కు పోయింది" అని జీవితాంతం వంగడానికి భయపడతాడు. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్లు మామూలు వైద్యంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. నొప్పి గురించి వివరంగా చెప్పమని, వ్యాయామం నేర్పమని చెప్పింది. రోగితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడే డాక్టరు ఎక్కడ? ఆ పది నిమిషాలకు బిల్లు వేయరాదు కాబట్టి బెల్టు అమ్ముతున్నారు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతుంటే, మూత్రం మీదో మలం మీదో అదుపు పోతే, తొడల మధ్య తిమ్మిరి పట్టి స్పర్శ తెలియకపోతే, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. సాయంత్రం జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో చూపించుకోవాలి. మన దేశంలో అది అరుదైనది కాదు, మందులతో నయమయ్యేదే. "అందరికీ ఉండేదే" అని ఇంట్లో కూర్చోబెట్టిన నడుముల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో! ఆ మాట ఒక మనిషి కాళ్లు పడిపోయేదాకా తీసుకుపోగలదు.

అన్నిటికంటే నా కడుపు మండేది పిల్లల దగ్గర. హబ్సిగూడ నుంచి నాచారం దాకా, ఉప్పల్ లోపలి కాలనీల్లో అడుగడుక్కీ ఒక ప్రైవేటు బడి. పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూడండి. మెడ ముందుకు చాచి, నడుము వంచి, రెండు బొటనవేళ్లతో బ్యాగు పట్టీలు ముందుకు లాగి పట్టుకుని నడిచే ఎనిమిదేళ్ల పిల్లలు. ఆటో పక్కన వేలాడే బ్యాగుల బరువుకు ఆటోనే ఒరుగుతుంది. బడికి చేరాక మూడో అంతస్తులో తరగతి. లిఫ్టు టీచర్లకే.

ఇది ఎవరికీ తెలియదని కాదు. 2017 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది: ప్రాథమిక తరగతుల పిల్లల బ్యాగు ఆరు నుంచి పన్నెండు కిలోలు, హైస్కూలు పిల్లలది పదిహేడు కిలోల దాకా ఉంటోందని. పెరిగే పిల్లల వెన్నుపూసకూ మోకాళ్లకూ హాని అని వాళ్లే రాశారు. బరువులు కూడా నిర్ణయించారు. ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర. మూడు నుంచి ఐదు దాకా రెండు, మూడు కిలోలు. ఆరు, ఏడు తరగతులకు నాలుగు. ఎనిమిది, తొమ్మిదికి నాలుగున్నర. పదికి ఐదు. ఆ తర్వాత 2020లో కేంద్రం జాతీయ విధానం తెచ్చింది. బ్యాగు బరువు పిల్లవాడి బరువులో పది శాతం దాటకూడదంది. బడిలో లాకర్లు పెట్టమంది, తాగడానికి మంచినీళ్లు ఇవ్వమంది, బ్యాగు తూచడానికి తూకం యంత్రం ఉంచమంది. బ్యాగు బరువుకూ పెద్దయ్యాక వచ్చే నొప్పికీ ఎంత సంబంధం ఉందో పరిశోధకులు వాదించుకోనీండి. ఈ పూట ఆ పిల్లకు భుజాలు వాచి నొప్పి పెడుతున్నాయి, అది వాదనకు ఆగదు.

మరి మోయించేది ఎవరు? పుస్తకాలూ నోటుబుక్కులూ బడిలోనే కొనాలని, కొన్నవన్నీ రోజూ తేవాలని పట్టుబట్టే యాజమాన్యాలు. "మా బడిలో సిలబస్ ఎక్కువ" అని చెప్పుకుంటే అడ్మిషన్లు పెరుగుతాయని లెక్కలేసుకునేవాళ్లు. బ్యాగు బరువును చదువు బరువనుకునే తల్లిదండ్రులు. ఉత్తర్వు ఇచ్చి, ఆ తర్వాత ఒక్క బడి గేటు దగ్గరైనా నిలబడి తూచని విద్యాశాఖ అధికారులు. పీటీ పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చి, నలభై మంది పిల్లల్ని బెంచీల మీద కదలకుండా ఆరు గంటలు కూర్చోబెట్టి, పిల్లాడు కాస్త మెసిలితే "కుదురుగా కూర్చో" అని కసిరే మనమందరం. ఆ మెసలడమే వాడి వెన్ను అడుగుతున్న వైద్యం.

జూన్‌లో బడులు తెరిచే రోజున, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అధికారులారా, ఉప్పల్, నాచారం బడుల గేట్ల దగ్గర ఒక తూకం యంత్రం పెట్టండి. ముందుగా కబురు చెప్పకుండా రండి. వచ్చిన ప్రతి బ్యాగునూ తూచండి. హద్దు దాటిన బ్యాగును అక్కడే విప్పించండి, ఏ పుస్తకం ఎందుకు తెమ్మన్నారో ఒక్కోటీ ప్రిన్సిపాల్ చేత చెప్పించండి. తర్వాత అదే బ్యాగును ప్రిన్సిపాల్ భుజానికి తగిలించి, మూడో అంతస్తు దాకా ఆ పిల్ల వెనకాలే మెట్లెక్కించండి.